షానన్ ఒడ్డున ఎవరూ కోయని ముక్క

ఈ కాయితం రాయకుండానే పోదామనుకున్నాను. పెళ్ళాం లేదు, పిల్లల్లేరు. నేను పోయిన మర్నాడే చట్టం తన పని తాను చేసుకుని, ఉన్నదంతా మా అక్క కొడుకు అల్టన్ చేతిలో పెడుతుంది. దానికి నా సిరా ఎందుకు దండగ అనుకున్నాను. కానీ ఈ మే నెలలో ఒక పిల్ల పాత పటమొకటి పట్టుకుని మా లంకలోకి దిగింది. అప్పటినుంచి నాకు నిద్ర సరిగ్గా లేదు. అందుకని రాస్తున్నాను.

ఆఫలీ జిల్లా, షానన్ నది తూర్పు ఒడ్డున ఉన్న క్లూనరీన్ వాస్తవ్యుడు, కీర్తిశేషులు మార్టిన్ డెవరీ కుమారుడు, వయస్సు డెబ్భై నాలుగేళ్ళు, కోల్మన్ డెవరీ అను నేను, ఎవరి బలవంతమూ ప్రోద్బలమూ లేకుండా, స్వస్థబుద్ధితో, నా ఇష్టపూర్వకంగా రాసుకున్న వీలునామా ఏమనగా. బుద్ధి స్వస్థంగానే ఉందని డాక్టరు చెప్పాడు. మోకాళ్ళ గురించి అతను ఆ మాట అనలేదు, వీలునామాకి మోకాళ్ళతో పని లేదు.

ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత మా ఊరి బడిలో ముప్పై ఆరేళ్ళు పాఠాలు చెప్పి విరమించిన కన్సెప్టా హానిఫీ టీచరుకి అప్పగిస్తున్నాను. ఆమే సాక్షి సంతకం కూడా చేస్తుంది గనక చట్టప్రకారం ఆమెకి ఏమీ రాసివ్వకూడదట. నా పుస్తకాలు ఆమెకి రాద్దామనుకున్నాను. అది కుదరదని తెలిసి మొన్న బుధవారం అన్నీ తోపుడుబండిలో వేసుకెళ్ళి బతికుండగానే ఇచ్చేశాను. నాకొచ్చిన నాలుగు ముక్కలూ వాటిల్లోంచి వచ్చినవే. బడి నన్ను పన్నెండో ఏట వదిలిపెట్టింది.

1. నా దేహాన్ని దిబ్బ మీది శ్మశానంలో మా అమ్మ పక్కన పూడ్చవలెను. అది ఎత్తు మీద ఉంది, వరద అక్కడికి రాదు. బతికున్నన్నాళ్ళూ నా కాళ్ళు తడిసే ఉన్నాయి, ఇకనైనా ఆరనివ్వండి. మా ఊళ్ళో గొయ్యి తవ్వేది ఇరుగుపొరుగువాళ్ళే గనక, ఎవరు తవ్వాలో నేను చెప్పకూడదు. కానీ ఒక సంగతి ఇక్కడ నమోదు చేస్తున్నాను. పంతొమ్మిది వందల అరవై తొమ్మిదిలో మా అమ్మ పోయినప్పుడు నేను పార పట్టుకుని వెళ్ళేసరికి గొయ్యి తవ్వేసి ఉంది. అంచులు చాకుతో కోసినంత నున్నగా ఉన్నాయి. మట్టి అలా కోసేవాడు ఈ ఒడ్డున ఒక్కడే, మా పొరుగు లార్ గైనన్. అప్పటికి అతనికీ నాకూ మాటల్లేక తొమ్మిదేళ్ళు. నేను వస్తానని తెలిసి, రాకముందే పని ముగించి వెళ్ళిపోయాడు.

2. దిబ్బ మీది ఇల్లు, కొట్టం, పై పొలం పద్నాలుగు ఎకరాలు, ఆవులు తొమ్మిది, ఇవన్నీ నా తదనంతరం మేనల్లుడు అల్టన్‌కి సర్వహక్కులతో చెందవలసినది. తొమ్మిదిలో చెవి చీలిన ఎర్రావు పాలు పితికేటప్పుడు తన్నుతుంది. ఈలవేస్తే తన్నదు. ఏ పాటైనా ఫరవాలేదు.

3. ఇప్పుడు లంక సంగతి, అంటే దిబ్బకీ నదికీ మధ్యన వరదకి మునిగే గడ్డినేల సంగతి. అథ్లోన్ దాటాక ఈ నదికి పల్లం అంటూ దాదాపు లేదు. ఇటు పోనా అటు పోనా అని తనలో తాను అడుగుతున్నట్టు ఉంటుంది. అందుకే అక్టోబరు వాన నాలుగు రోజులు పట్టిందంటే గట్టెక్కి లంకంతా పరుచుకుంటుంది, మార్చిదాకా దిగదు. ప్రతి ఎన్నికలకీ ఒకాయన లారీ ఎక్కి ఈ నీళ్ళన్నీ తీసేయిస్తానంటాడు. చప్పట్లు కొడతాం. నీళ్ళు ఉంటాయి. ఐస్‌లాండ్ హంసలు వచ్చి వాటి మీద దిగుతాయి. వాటికి ఎన్నికలతో పని లేదు.

చలికాలం నీరు కింద ఉంటుంది గనక లంకలో కంచె అన్నది లేదు. వేస్తే వరద దాన్ని పెరికి, లిమరిక్ దాకా మోసుకుపోయి అక్కడివాళ్ళకి ఇస్తుంది. ఒక్కో ఇంటికి ఒక్కో గడ్డిపట్టీ. పట్టీకి దిబ్బ వైపు ఒక హద్దురాయి. ఆ రాయి దగ్గర నిలబడి నది అవతలి గట్టున మన పెద్దలు చెప్పిన గుర్తుకేసి చూస్తూ సూటిగా నడవాలి. ఆ నడకే హద్దు. మా హద్దుకి గుర్తు, మా నాన్న చెప్పినది, అవతలి గట్టున ఒక ఇంటి తెల్లగోడ.

యాభై మూడులో నేను కోవెంట్రీ వెళ్ళి అయిదేళ్ళు ఇటుకలు మోశాను. యాభై ఎనిమిదిలో నాన్న పోతే తిరిగి వచ్చాను. గడ్డికోతకి రాయి దగ్గర నిలబడి అవతలికి చూశాను. తెల్లగోడ ఉంది. దానికేసి నడిచాను. రెండేళ్ళు అలాగే కోశాను. మూడో ఏడు, అంటే అరవై జూలైలో, పక్క పట్టీ లార్ గైనన్ పొడుగుపిడి కొడవలి భుజాన వేసుకుని వచ్చి, "ఒరే కోల్మన్, నువ్వు చూసే గోడ మీ నాన్న చూసిన గోడ కాదురా. ఆయన చూసింది టూహీ ముసలమ్మ గోడ. నువ్వు పైనున్న లార్కిన్ వాళ్ళ గోడకేసి నడుస్తున్నావు," అన్నాడు. నేను, "మా నాన్న తెల్లగోడ అన్నాడు. నువ్వు చూపించేది పచ్చగా ఉంది. నాకు రంగులు నేర్పకు," అన్నాను. "ఇంగ్లండులో కళ్ళు కూడా తాకట్టు పెట్టొచ్చావా?" అన్నాడు. అప్పుడు నేను వాళ్ళ నాన్నని ఒక మాట అన్నాను, నేను ఊళ్ళో లేనప్పుడు మంచాన పడ్డ మా నాన్న గడ్డిని ఎవరు కోసుకున్నారో ఆయన్నే అడగమని. ఆ ఇంట్లో దొంగతనం అన్న మాట అంతకుముందు ఎవరూ వినలేదు. లార్ కొడవలి భుజం మార్చుకుని వెళ్ళిపోయాడు. అప్పటినుంచి నాతో మాట్లాడలేదు.

ఆ తర్వాత జరిగింది ఎవరూ అనుకుని చేసింది కాదు. రెండు గోడల మధ్య రొట్టెముక్కలాంటి నేల మిగిలింది. రాయి దగ్గర మొన, నది దగ్గర ఇరవై రెండు అడుగుల వెడల్పు, మొత్తం మీద రెండు మూడు గుంటలు. అతను కోస్తే నేను గొడవకొస్తానని అతను కోయలేదు. నేను కోస్తే దొంగ నేనే అనిపించుకుంటానని నేను కోయలేదు. సెప్టెంబరులో ఊరి ఆవులన్నీ లంకలో కలిసి మేస్తాయి. అవే దాన్ని తినేవి. ఆవులకి మా గొడవ ఎవరూ చెప్పలేదు.

మాటల్లేవన్నాను గానీ, లంకలో కోతరోజులు అందరికీ ఒకటే. ఇద్దరం పక్కపక్కనే కోసేవాళ్ళం. లార్ తన గుర్రంతో గట్టిగా, "ఏమే డాలీ, పడమట చూశావా? బుర్రున్నవాడెవడైనా ఇవాళే కుప్పేసుకుంటాడు," అనేవాడు. నేను నా కుక్కతో, "ఒరే షెప్పూ, వానలు మనకి ఒకళ్ళు చెప్పాలా?" అనేవాణ్ణి. అని, కుప్పేసుకునేవాణ్ణి. నాలుగింటికి వాన పడేది. డాలీ పోయాక అతను ట్రాక్టరుతో మాట్లాడాడు. అది నాకు కొంచెం వింతగా ఉండేది.

4. నా చెక్క పడవ, అడుగు బల్లపరుపుగా ఉండేది, నేనే చేసినది, రెండు తెడ్లతో సహా, లార్ చెల్లెలు అట్రాక్టా గైనన్‌కి చెందవలసినది. దాంతోబాటు ఇనుప బకెట్టు ఒకటి. అల్టన్ ఈ బకెట్టు చూసి అడుగు తుప్పు పట్టిందని పారేయగలడు, పారేయకూడదు. ఏటా మొదటి మలుగుచేప పడ్డ రోజు, తడిగడ్డి పరిచి దాన్ని ఇందులో వేసి గైనన్ వాళ్ళ గేటు దగ్గర పెట్టేవాణ్ణి. మూడోనాటికి బకెట్టు తోమి, సోడా రొట్టె ఒకటి గుడ్డలో చుట్టి, నా గేటు దగ్గర ఉండేది. చీటీ ఉండేది కాదు. చేప లార్ కూడా తిన్నాడనే నా నమ్మకం. అరవై జూలై ముప్పైన, శనివారం, బానహర్‌లో డాన్సుకి అట్రాక్టాని సైకిలు మీద తీసుకెళ్ళవలసి ఉంది. దారిలో ఒక మాట అడుగుదామనుకున్నాను. గొడవ అంతకుముందు మంగళవారం జరిగింది. అన్న ముందర తండ్రిని దొంగ అన్నవాడి సైకిలు ఎవరు ఎక్కుతారు? నేను గేటు దాకా వెళ్ళనే లేదు. ఆమె ఎదురుచూసిందా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు. ఈ అంశంలో చట్టానికి సంబంధించినది పడవ, బకెట్టు మాత్రమే.

5. అల్లిక బుట్టవల ఒకటి, మలుగుచేపలకి పెట్టేది, రాతికట్ట దగ్గరి నీటికుక్కకి. నీటికుక్క పేర ఆస్తి రాయడం చెల్లదని లాయరు అన్నాడు. అయితే హానిఫీ టీచరు దాని తరపున చూసుకోవలెను. చూసుకోవడమంటే బుట్ట అడుగున ఉన్న కన్నం పూడ్చకుండా నీళ్ళలో దించి వదిలేయడమే. ఆరేళ్ళుగా నా చేపల్లో సగం ఆ కన్నంలోంచే పోయాయి. మొదట్లో దాన్ని చంపుదామని తిరిగాను. ఒక పొద్దున పిల్లలిద్దరికీ ఈత నేర్పుతూ కనపడింది. ఒకటి ఈదనని తల్లి వీపెక్కి కూచుంది. ఇంటికొచ్చేశాను. కన్నం పూడ్చలేదు.

6. నా దుర్భిణి, ఎడమ అద్దం పగిలినది, సైవ్ అనే అమ్మాయికి. డబ్లిన్ నుంచి పిట్టలు లెక్కపెట్టడానికి వచ్చిన పిల్ల ఆమే. ఆమె దగ్గర మంచిదే ఉంది, అయినా ఇస్తున్నాను. కార్న్‌క్రేక్ పిట్ట కోసం వచ్చింది. అది ఆఫ్రికా నుంచి ఎగిరొచ్చి, గడ్డిలో దూరి, మనిషికి కనపడకుండా, దువ్వెన పళ్ళ మీద అగ్గిపెట్టె గీకినట్టు క్రెక్ క్రెక్ మంటూ వేసవంతా గడుపుతుంది. నా చిన్నప్పుడు వాటి గోలకి కిటికీలు మూసుకునేవాళ్ళం. ఇప్పుడు యంత్రాలతో జూన్‌లోనే కోసేస్తున్నారు. గుడ్ల మీద కూచున్న పిట్ట లేవదు.

ఆ పిల్ల కోయని ముక్క దగ్గర ఆగి, "తాతా, ఇదెవరిది?" అంది. చెప్పడానికి టైము పడుతుందన్నాను. "పన్నెండు మైళ్ళలో మిగిలిన జంట ఇదొక్కటే. ఇన్నేళ్ళు దీన్ని ఎవరు కాపాడారు?" అంది. "కాపాడలేదమ్మా. ఇద్దరు మొండివాళ్ళు కోయలేదు," అన్నాను. ఆమె నవ్వి, పటం విప్పి గడ్డి మీద పరిచింది. వందేళ్ళ కిందటి సర్వే పటం. మా హద్దురాయి నుంచి సన్నగీత నది దాటి ఒక ఇంటి మీదికి వెళ్ళింది. ఇంటి పక్కన పేరు ఉంది. టూహీ.

తర్వాత అవతలి గట్టుకి వెళ్ళి విచారించాను. ముప్పై తొమ్మిదేళ్ళ కిందట చేయవలసిన పని. టూహీ ముసలమ్మ యాభై నాలుగులో లాఫ్రేలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయిందట. సున్నం వేసేవాళ్ళు లేక గోడ పాచిపట్టింది. యాభై ఏడులో ఇంట్లో ఊరందరికీ ప్రార్థన జరిపించే వంతు లార్కిన్ వాళ్ళకి వచ్చింది. ఫాదర్ గారు వస్తున్నారని వాళ్ళు ఎన్నడూ లేనిది గోడకి సున్నం కొట్టారు. ఈ రెండూ జరిగినప్పుడు నేను కోవెంట్రీలో ఉన్నాను. లార్ ఇక్కడే ఉండి రెండూ చూశాడు. అతను చెప్పింది నిజం. నేను కోసింది అతని గడ్డి.

7. కావున ఆ ముక్క లార్ గైనన్‌ది. లాయరు ఈ అంశం చదివి, "నీది కానిది నువ్వెలా రాసిస్తావయ్యా?" అన్నాడు. రాసివ్వడం లేదు, తిరిగిస్తున్నాను. పంతొమ్మిది వందల యాభై ఎనిమిది, యాభై తొమ్మిది సంవత్సరాల్లో నేను అక్కడ కోసిన గడ్డికీ, అతని తండ్రి కీర్తిశేషులు జేమ్స్ గైనన్‌ని అన్న మాటకీ లార్‌ని క్షమాపణ కోరుతున్నాను.

8. ఇక్కడే నాకు కలం ఆగింది. ఆ ముక్క నిలిచింది ఎవరిదో తేలకపోవడం వల్ల. ఇప్పుడు తేలిపోతోంది. హక్కున్నవాడు కోసుకుంటాడు, అది న్యాయం. నేను నిజం చెబితే పిట్ట పోతుంది. చెప్పకపోతే లార్ అబద్ధాలవాడిగా, వాళ్ళ నాన్న దొంగగా మిగిలిపోతారు. పదిరోజులు ఆలోచించాను. కోయవద్దని షరతు పెడదామా అంటే, పరాయి నేల మీద షరతు పెట్టడానికి నేనెవణ్ణి? అది మళ్ళీ గడ్డి దొంగతనమే. కనుక ఏడో అంశానికి ఏ షరతూ లేదు. నా సొంత పట్టీ, టూహీ గోడ గీతకి ఇవతలది, అల్టన్‌కి చెందుతుంది, దానికి మాత్రం షరతు పెడుతున్నాను. ఆగస్టు పదిహేను మరియమ్మ పండగ వెళ్ళేదాకా యంత్రం దిగకూడదు. దిగాక మధ్యలో మొదలుపెట్టి అంచులకి కోసుకుంటూ రావలెను, పిట్టలు పక్కలకి తప్పుకుంటాయి. అంచుల నుంచి చుట్టూ కోసుకుంటూ వస్తే అవి నడిమధ్య చిక్కి ముక్కలవుతాయి. "మామయ్యా, పిట్ట కోసం గడ్డి ముదరబెట్టుకుంటామా? ముదురుగడ్డి ఆవులు తింటాయా, పిట్ట తింటుందా?" అన్నాడు అల్టన్. మంచివాడే, తొందర ఎక్కువ. షరతు తప్పిన రోజున ఆ పట్టీ అట్రాక్టాకి పోతుంది. ఆమె గేటు ముందు నిలబడి అడుక్కోవలసి వస్తుందిరా అల్టన్. ఆ పని ఎంత కష్టమో నన్నడుగు.

9. ఇంతవరకు రాసి హానిఫీ టీచరుకి చదవడానికి ఇచ్చాను. కామాలు దిద్దుతుందనుకున్నాను. చదివి, కళ్ళజోడు తీసి, "ఇది పిరికివాళ్ళ పద్ధతి కోల్మన్," అంది. "చచ్చినవాడు క్షమించమంటే ఎవరు కాదంటారు? నీకు బదులు వినే బాధ లేదు. పోయిన చలికాలం లార్‌కి ఊపిరితిత్తుల్లో నెమ్ము చేసింది, డెబ్భై ఏడేళ్ళు. అతనే ముందు పోతే ఏడో అంశం నన్ను ఎవరికి చదవమంటావు? గోడకా?" అంది. ఆమె ముప్పై ఆరేళ్ళు బడి పిల్లల్ని తిట్టిన మనిషి. ఆ అభ్యాసం పోలేదు. నేను ఆ రాత్రి భోజనం సరిగ్గా చేయలేదు.

10. ఇది శుక్రవారం రాస్తున్నాను. నిన్న మధ్యాహ్నం గైనన్ వాళ్ళింటికి వెళ్ళాను. గేటు గడియ ఎటు తిప్పాలో మరిచిపోయాను. లార్ వాకిట్లో ముక్కాలిపీట మీద కూచుని ఉల్లిపాయలు జడలు కడుతున్నాడు. "లార్, అది టూహీ గోడే," అన్నాను. అతను తలెత్తలేదు. ఒక పాయ తొక్క రాల్చి, "నది దాటి చూడ్డానికి ముప్పై తొమ్మిదేళ్ళు పట్టిందేం?" అన్నాడు. పట్టింది అన్నాను. "మా నాన్నని అన్న మాటో?" అదే ముందు చెప్పవలసింది, తప్పు, ఆయన దొంగ కాడు, నేనే, అన్నాను. మరో ఉల్లిపాయ కలిపి కట్టాడు. ఒక జడ పూర్తయింది. "అయితే ఆ ముక్క ఇక నాది," అన్నాడు. ఎప్పుడూ నీదే అన్నాను. "కోసుకోవచ్చు." కోసుకోవచ్చు అన్నాను.  "ఆ పిల్ల పటం పట్టుకుని నా దగ్గరికీ వచ్చిందిలే, నీకంటే ముందే," అన్నాడు. "ఎవరూ ఎందుకు కోయడం లేదని అడిగింది. పక్కవాడు వచ్చి చెప్పాలమ్మా, అప్పుడు ఆలోచిస్తానన్నాను. వచ్చావుగా. పిట్ట వస్తున్నన్నాళ్ళు నేను కొయ్యను. నా తర్వాత అట్రాక్టా కొయ్యదు. ఎక్కడో ఏదో రాస్తున్నావట కదా, అందులో ఇదీ రాసుకో. నా పేరు తప్పు లేకుండా రాయి."

లారెన్స్ జేమ్స్ గైనన్ మాటగా పై వాక్యాలు ఇందులో నమోదు చేయడమైనది.

"చలి పెడుతోంది, లోపలికి పద," అన్నాడు. వెళ్ళాను. పొయ్యి దగ్గర రెండు కుర్చీలే ఉంటే అతను ముక్కాలిపీట తెచ్చుకున్నాడు. అట్రాక్టా మూడో కప్పు తెచ్చి బల్ల మీద పెట్టింది. ఎన్ని చెంచాల పంచదారో అడగలేదు. రెండు వేసింది.

తేదీ: 1999 సెప్టెంబరు 17, శుక్రవారం, క్లూనరీన్.

(సంతకం) కోల్మన్ డెవరీ

పై వ్యక్తి మా ఇద్దరి ఎదుట సంతకం చేయగా, ఆయన ఎదుటే మేమూ సంతకాలు చేసితిమి.

సాక్షులు:
కన్సెప్టా హానిఫీ, విశ్రాంత ఉపాధ్యాయిని, క్లూనరీన్
కీరన్ లూనమ్, పోస్ట్‌మన్, బానహర్